తాతగారి గాలి తుపాకి

పాత గాలి తుపాకులు పోగేసే దొర ఒకడుండేవాడు. వాటిని బాగుచెయ్యమని కమ్మరి లింగాచారిని గడీలో పెట్టుకుని రెండేళ్లయింది. "మా తాతగారి తుపాకి పేలిన రోజు ఇంటికి పోదువుగాని" అన్నాడు.

లింగాచారి దాని లోపలి తోలు బిళ్ల మార్చి, నూనె పట్టించి, ఎలాగో పేల్చాడు. పనివాణ్ణి వదలడం ఇష్టంలేని దొర అతిథుల ముందు పెదవి విరిచాడు. "దీన్లో గాలే లేదురా. ఇది చచ్చిన తుపాకే."

"అయితే గొట్టం ముందు మీ అరచెయ్యి పెట్టండి దొరా, నేను మీట నొక్కుతాను."

దొర చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అతిథులు నవ్వారు.

"సరే, బతికిందిలే" అన్నాడు దొర. "ఇంత పనిమంతుణ్ణి ఎవడు పంపిస్తాడురా? గోడ మీద ఇంకా నలభై ఉన్నాయి."

మాట గెలిచిన లింగాచారి మళ్లీ పనిముట్ల ముందు కూలబడ్డాడు. బాగుచెయ్యకపోతే పంపడు, చేస్తే అసలే వదలడు.