తేనె తప్ప ముట్టని జడలమ్మ

నల్లమల కొండల్లో ఒక వాగు పక్కన జడలమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆమె నెలల పిల్ల ఎప్పుడూ తల్లి వీపు మీదే వేలాడుతూ ఉండేది. ఆ పిల్ల కాస్త చిక్కినట్టు కనిపించి జడలమ్మకు దిగులు పట్టుకుంది. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు చెంగయ్య నక్క.

"ఏం వదినా, మొహం అలా వాడిపోయింది?"

"పిల్లకు పాలు చాలుతున్నాయో లేదో అని, చెంగయ్యా."

"అసలు నువ్వేం తింటున్నావు?"

"ఏముంది, పొద్దున్నే ఇన్ని రేగుపళ్ళు. ఎండెక్కాక పుట్ట తవ్వి చెదలు. సాయంత్రం ఏవో దుంపలు. తేనెపట్టు కనిపిస్తే ఇంత తేనె."

"అయ్యయ్యో! బాలింతవి, చెదలూ దుంపలూ తింటావా? ఒంటికి బలమంటే తేనె ఒక్కటే. మిగతాదంతా పొట్ట నింపే చెత్త. నెల రోజులు తేనె తప్ప ఇంకేదీ ముట్టకు. పిల్ల బంతిలా తయారవుతుంది, చూడు!"

పిల్ల పేరెత్తేసరికి జడలమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. తేనెపట్లు ఎక్కువగా ఉండే కొండచరియకు బయల్దేరింది. ఆమె అటు మళ్ళిందో లేదో, వాగు ఒడ్డున ఆమె తినే రేగుపొదల్లో చెంగయ్య మకాం పెట్టాడు.

మొదటి నాలుగు రోజులు జడలమ్మకు హాయిగానే ఉంది. తర్వాత తీపికి మొహం మొత్తింది. తల బరువెక్కింది. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు పట్టేది. పాలు తగ్గిపోయి పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. 'నేను తినే తేనె చాలడం లేదేమో' అనుకుని, వాంతి వస్తున్నా ఆపుకుని మరో పట్టు తినేది ఆ పిచ్చి తల్లి.

ఒకరోజు చరియ ఎక్కుతుంటే కాళ్ళు వణికి తూలింది. వీపు మీది పిల్ల జారి, ఎండుటాకుల మీదుగా దొర్లుకుంటూ కిందికి పోయింది. జడలమ్మ కేక కొండంతా వినిపించింది.

కింద దుంపలు తవ్వుకుంటున్న ఏదుపంది అంకమ్మ ముళ్ళు ముడుచుకుని అడ్డంపడి పిల్లను ఆపింది. దెబ్బేమీ తగల్లేదు గానీ పిల్ల హడలిపోయింది.

"ఏమ్మా, ఆ నడకేంటి? ఏం తిన్నావు?" అంది అంకమ్మ.

"తేనె, అత్తా."

"నిన్న?"

"తేనే."

"మొన్న?"

జడలమ్మ తల దించుకుంది. "పిల్ల కోసమే అత్తా, అన్నీ మానేశాను."

అంకమ్మకు కోపం రాలేదు. "తేనె మంచిదే తల్లీ. కానీ కండకు చెదలు కావాలి, కడుపు సాఫీగా ఉండాలంటే పళ్ళు కావాలి, నడిచే సత్తువకు దుంపలు కావాలి. ఇన్ని పనులు పాపం ఆ తేనె ఒక్కటీ ఎలా చేస్తుంది? పద, ముందు కడుపారా నీళ్ళు తాగు."

ఆ పూట ఇద్దరూ కలిసి ఒక పుట్ట తవ్వారు. పది రోజులు గడిచేసరికి జడలమ్మ అడుగు నిలబడింది. పిల్ల పాలు తాగి, ఏడుపు మాని, తల్లి చెవులు కొరికి ఆడుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు జడలమ్మ, తనకు తప్పుడు సలహా ఇచ్చిన నక్క తన రేగుపొదల్లోనే ఉన్నాడని తెలిసి అక్కడికి వచ్చింది. చెంగయ్య పొట్ట ఉబ్బి, డొక్కలు ఎండి, ఒక కొమ్మకు ఆనుకుని మూలుగుతున్నాడు. ఒక్క క్షణం కదిలినా ఎవరైనా పొదలు లాక్కుంటారని భయపడి, ఇన్నాళ్ళూ రేగుపళ్ళు తప్ప ఇంకేమీ తినలేదు.

ఆమెను చూడగానే, "దగ్గరికి రాకు వదినా! ఈ పళ్ళు విషం!" అన్నాడు.

"మరి నువ్వు తింటున్నావుగా?"

చెంగయ్య కాళ్ళ దగ్గరున్న పళ్ళను గబుక్కున తోకతో కప్పేశాడు.

తందామన్నంత కోపంతో వచ్చిన జడలమ్మకు ఆ డొక్కలు చూసి కాలు లేవలేదు. "పో, పోయి రెండు ఎలకలు పట్టుకుని తిను. ఆకలేస్తే పళ్ళకు మళ్ళీ రా. ఇక్కడ ఇద్దరికీ సరిపడా ఉన్నాయి."

నక్క తోక ముడుచుకుని మెల్లగా పొదల్లోంచి బయటికి నడిచాడు.

నీతి: ఎంత మంచి తిండైనా అదొక్కటే తింటే ఒంటికి చాలదు, అన్నీ తగుమాత్రంగా తిన్నప్పుడే ఆరోగ్యం.