సరస్వతి ఆకు ఎవరిది

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త వీరనాగమ్మ. తర్వాత చెప్పినవాళ్ళంతా చెడగొట్టారు.

మతిమరుపుకి మందైన సరస్వతి ఆకును తానే కనిపెట్టానని, ఇంకెవరూ దాన్ని కోయకూడదని ఆస్థానవైద్యుడు రాజుచేత చాటింపు వేయించాడు. గొర్రెలు కాసే బీరప్ప అది విన్నాడు. ఆ ఆకు పచ్చడి తినకపోతే వాళ్ళమ్మ కొడుకుని కూడా పోల్చుకోదు. నేరుగా సభకి వెళ్ళి వైద్యుణ్ణి అడిగాడు.

"అది పనిచేస్తుందని తమకెలా తెలుసు బాబూ?"

"అన్నప్రాసన నాటినుంచీ తింటున్నానురా. ఇంతవరకూ ఒక్కటీ మరిచిపోలేదు."

"అయితే ఆనాడు దాన్ని కోసి తమ నోట్లో పెట్టిందెవరు?"

వైద్యుడు రాజు వైపు తిరిగాడు.

రాజు నవ్వాడు. "గుర్తులేదంటే మందు దండగ. గుర్తుందంటే నీకంటే ముందే ఎవరికో తెలుసు. ఏదో ఒకటి చెప్పవయ్యా."

"మా అమ్మమ్మ" అని గొణిగాడు వైద్యుడు. చాటింపు రద్దయింది.

ఆ ప్రశ్న మంత్రి అడిగాడని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. అడిగింది బీరప్ప. ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఆ తప్పు దిద్దండి.