అసిరమ్మ ముక్క

ఎప్పుడని అడగొద్దు. మా ముత్తవ్వకి పాలపళ్లు కూడా రాని రోజులనుకోండి. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఊళ్లో ఒక బంగళా, బంగళాలో ఒక దొరసాని. ఆవిడకి వండిపెట్టే మనిషి అసిరమ్మ.

దొరసానిది ఎక్కడో వానలు ఆగని ఐర్లండు. ఒకసారి జ్వరం పట్టుకుంది. గంజి వద్దంది. జావ వద్దంది. చారన్నం వద్దంది. "మా అమ్మ చేసే సోడా రొట్టె అయితే తింటాను" అంది. ఏదో ఒకటి తినకపోతే దక్కదని డాక్టరు తేల్చేశాడు.

"నాను సేస్తానమ్మగోరూ. ఏటేటి కావాలో సెప్పండి" అంది అసిరమ్మ.

దొరసాని బజార్లో నేర్చిన తెలుగులో గొణిగింది. "గోధుమ పిండి. ఉప్పు. సోడా. చల్ల పొయ్యి." అని కళ్లు మూసుకుంది.

మొదటి రోజు అసిరమ్మ బజారుకెళ్లి గోలీసోడా తెచ్చింది. గోలీ కొట్టి, సోడా పిండిలో పోసి, కలిపి కాల్చింది. రాయి తయారైంది. తోటమాలి గవరయ్య కొరికి చూశాడు. పన్ను కదిలింది.

"ఓలే అసిరీ, ఇది తింటే జొరం కాదు, దొరసానే పోద్ది!"

బంగళా అంతా బిత్తరపోయింది.

రెండో రోజు వంటసోడా వేసి, నీళ్లతో కలిపింది. పొయ్యి దగ్గరికొచ్చి ఆగింది. చల్ల పొయ్యి అన్నారు కదా! నిప్పు ఆర్పింది, బూడిద తీసింది, నీళ్లు చల్లింది. చల్లబడ్డ పొయ్యిలో ముద్ద పెట్టి సాయంత్రం దాకా కాపలా కూర్చుంది. చీమలొచ్చాయి. రొట్టె రాలేదు.

"చల్ల! మజ్జిగ! పొయ్యమన్నాను!" అని దొరసాని అరిచింది. ఆ అరుపుకే ఆయాసమొచ్చి తల వాల్చేసింది. బంగళా అంతా బిత్తరపోయింది.

మూడో రోజు పిండీ ఉప్పూ సోడా కలిపి, చల్ల పోసింది. పిండి బుస్సుమంది. ముద్ద కదిలింది.

"ఓలమ్మో, దెయ్యం!" అని గవరయ్య గోడ దూకాడు.

అసిరమ్మ దూకలేదు. కత్తి తీసింది. "దారిచ్చాను, పో!" అంటూ ముద్ద నెత్తిన అడ్డంగా ఒక గాటు, నిలువుగా ఒక గాటు పెట్టింది. కుండలో పెట్టి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసింది.

రొట్టె చూడగానే, లేవలేని దొరసాని లేచి కూర్చుంది.

"ఈ గాట్లు ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పలేదమ్మగోరూ. దెయ్యం పోడానికి నానే కోసాను."

దొరసాని ఆ గాట్ల మీద వేలితో రాసింది. "మా అమ్మా అందుకే కోసేది."

బంగళా అంతా బిత్తరపోయింది. అసలు బిత్తర ఇంకా ముందుంది. దొరసాని రొట్టెని నాలుగు ముక్కలు చేసి, మొదటిది అసిరమ్మకిచ్చింది.

"ఇసం కలిపాననుకున్నారా, అమ్మగోరూ?"

"కాదు. మా ఇంట్లో కాల్చినామె ముందు తింటుంది. నువ్వు తింటేనే నేను తింటాను. కూర్చో."

అందరూ తిన్నాక, గిన్నె అడుగు గీక్కుని, నిలబడి తినడమే అసిరమ్మకి తెలిసిన భోజనం. కూర్చుంది. వేడి ముక్క నోట్లో పెట్టుకుని, ఎలా నమలాలో తెలియక ఏడ్చింది. తింది. దొరసానీ తింది. బతికింది.

అసిరమ్మ పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. ఆ ఊళ్లో మాత్రం ఇప్పటికీ సోడా రొట్టె దించగానే మొదటి ముక్క కాల్చినామెదే. దాని పేరు అసిరమ్మ ముక్క. ఆమె కూర్చుని మింగేదాకా ఇల్లంతా నిలబడాలి. కొత్తల్లుడు తొందరపడి చెయ్యి చాపితే, అత్తగారే ఆ చేతి మీద ఒకటి వేస్తుంది.

"ఆగు బాబూ. ఆవిడ ఇంకా నములుతోంది."