తొమ్మిదో నంబరు చెప్పులు

నబీరసూల్‌కు తన చూపు మీద గర్వం పుట్టింది. ఒక్కరోజులో పుట్టింది కాదది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి కొంచెం కొంచెంగా పెరిగి, మే నెల నడిమికి వచ్చేసరికి గురువుతో చెప్పుకుంటే గానీ నిలవలేనంత అయింది.

అతను ఆదోని పత్తి మార్కెట్లో ఒక మండీలో గుమస్తా. పత్తి దిగే రోజుల్లో తల ఎత్తడానికి తీరదు. ఎండాకాలం వస్తే మండీ వెలవెలబోతుంది, జీతం సగానికి పడుతుంది. ఈ ఏడు మాత్రం ఇంట్లోకి కూలరు తెస్తానని భార్యకు మాట ఇచ్చేశాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఫోన్లో వెతికి వెతికి ఒక పని పట్టాడు. మిస్టరీ షాపర్ అంటారట దాన్ని.

వినడానికి పని సులువే. పెద్ద కంపెనీలకు తమ షాపుల్లో పనివాళ్లు ఎలా నడుచుకుంటున్నారో తెలియాలి. అందుకని ఊరూరా కొందరిని పెట్టుకుంటాయి. వీళ్లు మామూలుగా కొనడానికి వచ్చినట్టే వెళ్లాలి, చెప్పినవన్నీ అడగాలి, బయటికొచ్చి ఫోన్లో ఫారం నింపాలి. ఎంతసేపటికి పలకరించారు? కళ్లలోకి చూశారా? నవ్వారా? వాదించారా? చాలావాటికి అవును, లేదు అని రెండే గళ్లు. తానెవరో షాపులో తెలియనివ్వకూడదనేది మొదటి నియమం. రిపోర్టు పంపకముందే మళ్లీ అదే షాపులో అడుగు పెట్టకూడదనేది రెండోది. పెడితే ఆ విజిట్ రద్దు, డబ్బులు రావు.

రసూల్ ఈ పనిలో ఆరితేరాడు. మిఠాయి కొట్టు, మందుల షాపు, పెట్రోలు బంకు, ఎక్కడికి వెళ్లినా అతని కళ్లు ఎదుటివాళ్ల మొహం మీదే. అలవాటు ముదిరి ఇంటిదాకా వచ్చింది. ఒకరోజు భార్య టీ తెచ్చి ఇస్తే, "నవ్వకుండా ఇస్తివే" అన్నాడు. ఆమె గ్లాసు వెనక్కి తీసుకుని తనే తాగేసింది.

రసూల్ గురువు పేరు ఖాదర్‌వలీ. ఊళ్లో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు, పరుపుల బాబా అనాలి. రైల్వే గేటు అవతల రేకుల షెడ్డులో పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్లీ కుట్టి ఇస్తాడు. వింటి చప్పుడుతో పాటే ఆయన పెదవుల మీద అల్లా పేరు ఆడుతుంటుంది. మనసు బాగాలేనివాళ్లు వచ్చి కాసేపు కూర్చుని పోతుంటారు. ఆయన ఎవరికీ పెద్దగా ఏమీ చెప్పడు. రెండేళ్ల కిందట రసూల్ శిష్యుడిగా చేరిన రోజున కూడా ఒక్క మాటే చెప్పాడు. "చూసేది నేర్చుకో."

అందుకే ఆ రోజు పన్నెండు గంటలవేళ రసూల్ షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చెమటైనా తుడుచుకోకుండా గురువు ఎదుట కూర్చున్నాడు.

"బాబా, మీరు చెప్పిన చూపు నాకు వచ్చేసింది."

"వచ్చిందా? మంచిది" అని బాబా విల్లు మీటాడు.

"ఎట్ల వచ్చిందని అడగరేమి?"

"చెప్పేకే గదప్పా వచ్చినావు. చెప్పు."

రసూల్ మొదలుపెట్టాడు. పొద్దున మెయిన్ రోడ్డులో పెద్ద చెప్పుల షోరూముకు వెళ్లాడు. చెప్పులు చూపించే అమ్మాయి ముప్పై సెకండ్లలోపు పలకరించాల్సింది, నలభై అయింది. ఏడు జతలు తీయించి, వేసుకుని, ఒక్కటీ కొనకుండా లేచాడు. అలా సతాయించమని కంపెనీవాళ్లే రాశారు.

"ఆ పాప ఒక్కసారన్నా నవ్వలే బాబా. కళ్లలోకి చూడలే. వంచిన తల ఎత్తలే. అన్నీ పట్టేసినా" అన్నాడు.

అతను మాట్లాడుతుండగానే షెడ్డుకు మనుషులు వచ్చిపోతున్నారు. ఒకామె దిండు ఇచ్చి పోయింది. ఇద్దరు ముసలివాళ్లు దువా చేయించుకుని పోయారు. ఇంకెవరో వచ్చి కుండలో నీళ్లు తాగారు. బాబా లేచి గుమ్మం దాకా వెళ్లి, వాళ్లతో ఏదో మాట్లాడి, తిరిగి వచ్చి కూర్చుంటున్నాడు. రసూల్ మాట మాత్రం ఆగలేదు.

"పేరేంది ఆ పాపది?" అన్నాడు బాబా.

"ఉరుకుందమ్మ. బ్యాడ్జీ మీద చూసినా. ఇంకోటి చెప్తా బాబా, మేనేజరు ఆ పాపను గోడ పక్కకు పిల్చి మెల్లిగా అన్నది గూడా నా చెవిన పడింది. ఇప్పటికే రెండు రిపోర్టులు బాగలేవంట. మూడోది గూడా అట్లే వస్తే పనిలోకి రావద్దన్నాడు."

"మరి ఏం రాసినావు?"

"చూసిందే రాసినా. ఐదు గంటల్లోపు పంపల్ల. ఆ పాప పని పోతుందని అబద్ధం రాయలేను గదా బాబా?"

"అబద్ధం రాయగూడదు" అని ఒప్పుకున్నాడు బాబా.

గురువు ఒప్పుకోవడంతో శిష్యుడికి ఇంకాస్త హుషారొచ్చింది. "ఇప్పుడు నా కంటికి ఏదీ తప్పిపోదు. నేను వచ్చినంక మీ కాడికి నలుగురు వచ్చినారు. ముగ్గురికి నవ్వుతూ మాట్లాడితిరి. నాలుగో ఆయప్పకు నవ్వలే. అవునా కాదా?"

"అవును. ఆ నాలుగో ఆయప్ప ఏం అడిగినాడు?"

రసూల్ తడుముకున్నాడు. "నీళ్లు గదా?"

"నీళ్లు తాగినాడు. చెప్పులు అడిగినాడు. గూడ్స్ షెడ్డులో హమాలీ. పాతవి తెగిపోయినాయంట, కాళ్లు బొబ్బలెక్కినాయి."

"ఇస్తిరా?"

"ఇచ్చినా."

బాబా జన్మలో చెప్పులు తొడిగిన మనిషి కాదు. ఆ సంగతి రసూల్‌కు ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. గుమ్మం వైపు చూస్తే అక్కడ ఏమీ లేవు.

"నావి ఇచ్చేస్తిరా బాబా!"

"నీ ముందరే ఇచ్చినా. నువ్వు నా మొగం చూస్తాంటివి."

బాబా తాపీగా దూది ఎగదోసి, "పో, పోయి కొత్తవి కొనుక్కో. ఆ షోరూముకే పో. ఏడు జతలు వేసుకున్నావు, ఏవి సరిపోతాయో తెలిసుంటాది" అన్నాడు.

"రిపోర్టు పంపకుండా మళ్లా పోగూడదు బాబా. అయితే ఇప్పుడే పంపేసి పోతా."

"వచ్చినంక చూసుకుందువులే. ఐదింటికి ఇంకా శానా ఉంది. ఆటో గూడా ఎక్కొద్దు. నడిచే పో."

గురువు మాట. ఎదురు చెప్పలేదు గానీ, ఆ విజిట్ డబ్బులూ కూలరూ కలిసి గేటు దాటిపోతున్నట్టు అనిపించి రసూల్‌కు కడుపులో మండింది.

ఆ మంట కాసేపట్లో కాళ్లలోకి దిగింది. షోరూముకు మైలు కూడా ఉండదు. కానీ ఆదోనిలో మే నెల మిట్టమధ్యాహ్నం మైలంటే తక్కువ కాదు. రైలు పట్టాల దగ్గర కంకర, అది దాటితే తారు, ఆ తర్వాత సిమెంటు రోడ్డు. ఒక కొట్టు నీడ నుంచి ఇంకో కొట్టు నీడకు పరుగెత్తాడు. రోజూ తిరిగే ఈ రోడ్డు మీద ఇంత తక్కువ నీడ ఉందని ఇన్నేళ్లూ తెలియలేదు. సగం దారిదాకా గురువు మీద కోపంగా ఉంది. ముప్పాతిక దారికి ఆ కోపం కూడా పోయి కాళ్లొక్కటే మిగిలాయి.

అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయి, కనబడిన మొదటి స్టూలు మీద కూలబడ్డాడు. పాదాలు రెండూ గాలిలోకి ఎత్తి పట్టుకున్నాడు.

"అయ్యో, ఇట్లెట్ల నడిచొచ్చినావన్నా?" అంది ఒక గొంతు. "కింద పెట్టొద్దు, ఉండు."

నీలం ప్లాస్టిక్ టబ్బు ఒకటి వచ్చింది, అందులో సగానికి నీళ్లు. రెండు చేతులు అతని పాదాలను ఒక్కొక్కటిగా పట్టుకుని నీళ్లలోకి దించాయి. రసూల్ కళ్లు మూసుకున్నాడు. నీళ్లు ఇంత చల్లగా ఉంటాయని ఎవరైనా చెప్పినా అతను నమ్మేవాడు కాదు.

కొంచెం తేరుకున్నాక, "మేనేజరు చూస్తే తిడతాడేమో పాపా" అన్నాడు.

"అన్నం తినేకి పోయినాడు. ఇప్పుడే కొలత చూస్తే తప్పొస్తాది, కాళ్లు ఉబ్బినాయి. రవ్వంత సేపు ఉండు." ఆమె గుడ్డతో అతని మడమ తుడుస్తూ ఆగింది. "పొద్దున వచ్చింది నువ్వే గదన్నా?"

రసూల్ కాలు వెనక్కి లాక్కోబోయాడు. "ఎట్ల గుర్తుపడితివి?"

"కాళ్లు చూస్తానే తెల్సింది. నీకు కుడికాలు కొంచెం పెద్దది. నేను పొద్దున్నే చెప్తి, ఎనిమిదో నంబరు కుడికాలికి పట్టేస్తాది, తొమ్మిది చూడన్నా అని. నువ్వు వినకపోతివి."

నిజమే, చెప్పింది. ఒకసారి కాదు, మూడు జతలప్పుడు చెప్పింది. ఫారంలో 'వాదించారా?' అన్నచోట అతను 'అవును' అని పెట్టాడు.

ఆమె తొమ్మిదో నంబరు జత తెచ్చింది. ఎడమ చెప్పు వదులవుతుందని అందులో పలచని అట్ట ఒకటి కత్తిరించి జిగురుతో అంటించింది. తొడిగి, వేలితో ముందూ వెనకా నొక్కి చూసి, "ఇప్పుడు నడువన్నా" అంది.

రసూల్ షాపులో ఎదుటి గోడ దాకా నడిచి, వెనక్కి వచ్చాడు. అతనికి నలభై ఏళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి అతని కుడికాలి చిటికెన వేలు ఏ చెప్పు తొడిగినా ఒరుసుకునేది. చెప్పులంటే అంతేననుకుని బతికాడు. ఇప్పుడది దేనికీ తగలడం లేదు.

డబ్బు కట్టి బయటికి పోబోతూ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని ఫోను తీశాడు. పొద్దున నింపిన ఫారం అలాగే ఉంది. కళ్లలోకి చూశారా? లేదు. తల ఎత్తి మాట్లాడారా? లేదు. అవతల ఉరుకుందమ్మ ఒక ముసలామె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె మడమ అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. తల వంచుకునే ఉంది. కాళ్లు చూసేవాళ్లు తల ఎలా ఎత్తుతారు?

రసూల్‌కు సిగ్గేసింది. ఫారం చివర 'విజిట్ రద్దు' అని ఒక గడి ఉంది, ఇంతవరకు అతను దాన్ని ముట్టుకోలేదు. దాన్ని నొక్కి, కారణం అడిగినచోట ఇలా రాశాడు: 'రిపోర్టు పంపకముందే మళ్లీ ఆ షాపుకు వెళ్లాను. కాళ్లకు చెప్పులు లేవు.'

నిమిషంలో జవాబు వచ్చింది. ఈ నెలకు ఆ షాపు రిపోర్టు లేనట్టేనని, డబ్బులు రావని. ఫోను జేబులో వేసుకున్నాడు.

తిరిగి షెడ్డుకు వచ్చేసరికి ఎండ కాస్త వాలింది. బాబా దూది ఏకుతూనే ఉన్నాడు. రసూల్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"కొన్నావా?"

"కొన్నా బాబా."

"ఎంత నంబరు?"

"తొమ్మిది."

బాబా విల్లు పక్కన పెట్టాడు. "ఇంతకూ ఈసారన్నా నవ్విందా ఆ పాప?"

రసూల్ చెప్పబోయి ఆగిపోయాడు. గుర్తు చేసుకున్నాడు. నీలం టబ్బు గుర్తుకొచ్చింది. నీళ్లు గుర్తుకొచ్చాయి. మడమ తుడిచిన గుడ్డ, అట్ట కత్తిరించిన చేతులు, గోరు కింద అంటిన జిగురు గుర్తుకొచ్చాయి. మొహం గుర్తు రాలేదు.

"తెలీదు బాబా" అన్నాడు చివరికి. "చూడలే."

"అట్లయితే ఈసారి కొనేకే పోయినావు" అన్నాడు బాబా, ఏకిన దూది కుప్ప ఒకటి అతని ముందుకు తోస్తూ.

రసూల్ కింద కూర్చుని తల వంచి దూదిలో నలకలు ఏరడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్న గురువు నవ్వాడో లేదో అతను చూడలేదు.