తాయారమ్మ పెన్నులో పరాయి పాళీ

అనగనగా కాలవ పక్కన ఒక ఊళ్ళో ఒక పెన్ను ఉండేది. ఆ పెన్నుకి ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడ పేరు తాయారమ్మ.

ముసలమ్మకి పెన్ను ఉంటుంది గానీ పెన్నుకి ముసలమ్మ ఏమిటి అంటావా? విను మరి. కాళ్ళు ఆడించకుండా విను.

తాయారమ్మ రామకోటి రాసేది. కోటిసార్లు రాముడి పేరు రాయడమంటే మాటలా? ఇరవై ఏడేళ్ళ నుంచి రాస్తోంది. రాసి రాసి ఆవిడ వేలి మీద కాయ కాసింది. రాసి రాసి ఆ పెన్ను పాళీ ఆవిడ చెయ్యి ఎటు వాలితే అటే అరిగింది. అది తామర మార్కు ఇంకు పెన్ను. నల్లటి ఒళ్ళు, పొట్టనిండా ఆకుపచ్చ ఇంకు.

ఆవిడకి చెయ్యి వణికేది. మజ్జిగ గ్లాసు పట్టుకుంటే సగం ఒలికేది. కానీ ఆ పెన్ను పట్టుకుంటే వణుకు ఎటు పోయేదో, అక్షరాలు ముత్యాల్లా పడేవి.

ఆవిడకి ఒక నియమం ఉండేది. పొద్దున్నే స్నానం చేసి పుట మొదలుపెడితే, ఆ పుట నిండేదాకా నోరు విప్పకూడదు. పెన్నుకి మూత పెట్టకూడదు. ఇల్లు కూలినా సరే, మాట్లాడేది కాదు.

ఉగాది వెళ్ళింది. శ్రీరామనవమికి వారం రోజులుంది. ఆఖరి పుస్తకంలో ఇంకా పదిహేను పుటలున్నాయి. అవి నిండితే ఆవిడ కొడుకు శేషగిరి పుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి భద్రాచలం తీసుకెళ్ళాలి. తాయారమ్మకి ఇక వేరే కోరిక లేదు.

ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండేది. తాయారమ్మ మనవరాలు, శేషగిరి కూతురు. తొమ్మిదేళ్ళు. పేరు విశాలి. దానికి కాలు ఒకచోట నిలవదు, చెయ్యి ఒకచోట ఆగదు. నవ్వకు, నేనేం నిన్ను అనలేదు.

ఒకరోజు సాయంత్రం తాయారమ్మ వడియాలు ఎత్తడానికి మేడ మీదకి వెళ్ళింది. అప్పుడు విశాలి నాయనమ్మ పెన్ను తీసింది. ఆకుపచ్చ ఇంకుతో తన పేరు ఒక్కసారి రాసుకుందామనుకుంది. ఒక్కసారే. "వి" రాసింది. "శా" రాసింది. ఇంతలో వంటింట్లో మూకుడు కిందపడి ఖంగుమంది. విశాలి ఉలిక్కిపడింది. పెన్ను చేతిలోంచి జారి, గచ్చు మీద ముక్కు గుద్దుకుని పడింది.

చూస్తే పాళీ కొక్కెంలా వంగిపోయింది.

మెట్ల మీద నాయనమ్మ అడుగుల చప్పుడు. చెబుదామా? వద్దా? పాళీ అంటే పాళీయే కదా అనుకుంది విశాలి. పీకితే వస్తుంది, పెడితే పోతుంది. అంతేగా!

అంతే కాదు బంగారం. చూద్దువుగాని.

విశాలికి బడికి తీసుకెళ్ళే పెన్ను ఒకటుంది. చిలక మార్కుది. దాని పాళీ పీకి నాయనమ్మ పెన్నులో పెట్టింది. వంగిన తామర పాళీని తన పెన్నులో దాచి మూత పెట్టేసింది. చిలక పాళీ చిన్నది. నాయనమ్మ పెన్ను మెడలో వదులుగా ఆడింది. దారప్పోగు చుట్టి బిగించింది.

మర్నాడు పొద్దున తాయారమ్మ రాయడానికి కూర్చుంది. రెండు వరుసలు రాసింది. మూడో వరుసలో పాళీ ఇటు తిరిగింది. నేరేడు పండంత మరక పుట మీద టపుక్కున పడింది. ఆవిడ ఏమీ అనకూడదు కదా. మరకని అద్ది, పాళీ సర్దుకుంటూ ఎలాగో పుట నింపింది. ఆ తర్వాత నోరు విప్పి, "ఈవేళ నా పెన్నుకి జలుబు చేసిందే!" అంది.

అందరూ నవ్వారు. విశాలి కూడా నవ్వింది.

ఆ సాయంత్రం విశాలి చూపు నాన్న పెన్ను మీద పడింది. అది ఓడ మార్కుది. దాని పాళీ పీకి నాయనమ్మ పెన్నులో పెట్టింది. నాన్న పెన్నులో చిలక పాళీ దోపింది. ఓడ పాళీ పెద్దది. లోపలికి పోనంది. విశాలి తువ్వాలుతో పట్టుకుని, పళ్ళు బిగించి తోసింది. పోయింది.

రెండోరోజు పొద్దున తాయారమ్మ రెండు పేర్లు రాస్తే పెన్ను ఆరిపోయింది. విదిలించింది. ఇంకో రెండు రాసింది. మళ్ళీ ఆరిపోయింది. పుట నిండేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. అప్పుడు ఆవిడ తన కుడిచెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది.

"పెన్ను కాదర్రా. నా చెయ్యే. ఇందులో బలం అయిపోయింది" అంది.

విశాలికి కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు. వీధిగుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చెప్పేద్దామని నాయనమ్మ పక్కకి చేరి, "నాయనమ్మా, నీళ్ళు కావాలా?" అని అడిగింది. చెప్పాలనుకున్నది అది కాదు.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చాడు. చొక్కా జేబంతా నీలం. "నా పెన్నుకేం పోయేకాలమో, మూత తీయకుండానే కక్కుతోంది" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పక్కింటికి పరిగెత్తింది. అక్కడ పంకజం టీచరుగారు ఉంటారు. పిల్లల పుస్తకాలు ఎర్ర ఇంకుతో దిద్దుతారు. ఆవిడది గుర్రం మార్కు పెన్ను. "కడిగి తెస్తానండీ" అని విశాలి అది పట్టుకొచ్చింది. గుర్రం పాళీ నాయనమ్మ పెన్నులోకి, ఓడ పాళీ టీచరుగారి పెన్నులోకి వెళ్ళాయి. గుర్రం పాళీ చక్కగా సరిపోయింది. వదులూ లేదు, బిగువూ లేదు. హమ్మయ్య అనుకుంది.

మూడోరోజు ఆదివారం. తాయారమ్మ రాయడం మొదలుపెట్టింది. మొదటి వరుస ఎర్రగా వచ్చింది. రెండో వరుస బురదరంగులో వచ్చింది. మూడో వరుస ఆకుపచ్చగా వచ్చింది. విశాలి ఊపిరి పీల్చుకుంది. సగం పుటకి పెన్ను ఆగిపోయింది. విదిలించినా రాలేదు, నొక్కినా రాలేదు.

తాయారమ్మ మళ్ళీ చెయ్యి చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట్లాడకూడదు కదా. ఖాళీ పుటల్ని చూపించింది. విశాలిని చూపించింది. రెండు చేతులూ జోడించింది.

విశాలి వాళ్ళమ్మకి అర్థమైంది. "మిగిలినవి పిల్ల చేత రాయించమంటారా అత్తయ్యా? మీరిక రాయరా?"

తాయారమ్మ అవునని తల ఊపింది.

విశాలి గభాల్న లేచింది. "నేను రాయను! పెన్నుకే ఏదో అయింది. మస్తాను తాత దగ్గరికి పోదాం, రా నాయనమ్మా, రా!" అని చెయ్యి పట్టుకు లాగింది.

మస్తాను ఆ ఊళ్ళో పెన్నులు చేసే మనిషి. బాగు కూడా చేస్తాడు. తాయారమ్మ లేచింది. పుస్తకం గుండెలకి పెట్టుకుంది. మూత పెట్టకూడదు కాబట్టి, పెన్నుని హారతి పట్టుకున్నట్టు పట్టుకుని వీధిలోకి నడిచింది. అడిగినవాళ్ళకి జవాబు చెప్పడానికి విశాలి పక్కనే నడిచింది. నాయనమ్మ నోరు ఇప్పుడు విశాలిదే మరి.

మొదట గేటు దగ్గర పంకజం టీచరుగారు ఎదురయ్యారు.

"ఏం పిన్నిగారూ, పెన్నుని ఊరేగిస్తున్నారా?"

తాయారమ్మ విశాలి వైపు చూసింది. నువ్వు చెప్పు అన్నట్టు.

"దానికి ఒంట్లో బాలేదండీ" అంది విశాలి.

"అయ్యో. మరి నిన్న నువ్వు కడిగిచ్చిన నా పెన్నో? ముల్లుతో గీకినట్టు గీకుతోంది."

"దానికీ... కొంచెం బాలేదేమోనండీ."

"ఊళ్ళో పెన్నులకి అమ్మవారు పోసిందా ఏమిటి! ఉండు, నేనూ వస్తా" అని టీచరుగారు పెన్ను పట్టుకుని వెంట బయల్దేరారు.

తర్వాత సందు మలుపులో నాన్న సైకిలు మీద ఎదురయ్యాడు.

"ఎక్కడికమ్మా? పెన్నుకేమైంది?"

తాయారమ్మ మళ్ళీ విశాలి వైపు చూసింది.

"పాళీ... మారింది నాన్నా."

"దానంతటదే మారిందా?"

విశాలి చెప్పులు చూసుకుంది. "ఊఁ" అంది.

"అట్లాగా! నాదీ మస్తాను దగ్గరికే తీసుకెళ్తున్నా. పదండి" అని నాన్న సైకిలు దిగి నడిచాడు. విశాలికి నడుస్తుంటే దారి తరిగిపోతోంది. ఇంకా తరక్కపోతే బాగుండుననుకుంది. త్వరగా అయిపోతే బాగుండునని కూడా అనుకుంది.

ఆ తర్వాత మస్తాను కొట్టు వచ్చింది. ముసలాయన కళ్ళజోడు పైకి నెట్టి, బల్ల మీద గుడ్డ పరిచి, మూడు పెన్నులూ వరుసగా పెట్టాడు. ఒక్కొక్క పాళీ పీకి వెలుగులో చూశాడు.

"తామర పెన్నులో గుర్రం పాళీ. గుర్రం పెన్నులో ఓడ పాళీ. ఓడ పెన్నులో చిలక పాళీ." ఆగి, విశాలి గౌను జేబులోంచి తొంగిచూస్తున్న పెన్ను వైపు చూశాడు. "పాపా, నీ చిలక పెన్ను కూడా ఇలా ఇవ్వు. అందులో తామర ఉండాలే."

విశాలి ఇచ్చింది. తీస్తే వంగిన తామర పాళీ!

"ఎవరు చేశారిది?" అన్నాడు మస్తాను.

నాన్న విశాలిని చూశాడు. టీచరుగారు విశాలిని చూశారు. తాయారమ్మ మాత్రం ఎవరినీ చూడలేదు. తన చెయ్యే చూసుకుంటోంది.

అది చూశాక ఇక విశాలి వల్ల కాలేదు.

"నేనే తాతా. మొన్న నేనే కింద పడేశాను. తిడతారని పాళీలు మార్చాను. నాయనమ్మ చేతికేం కాలేదు. నాయనమ్మా, నీ చేతికేం కాలేదు! పాళీలే. మొదటినుంచీ పాళీలే!"

"మూడు రోజుల నుంచి..." అని నాన్న గొంతు పెంచాడు. తాయారమ్మ అరచెయ్యి ఎత్తింది. ఆగమని. నాన్న ఆగాడు.

మస్తాను వంగిన పాళీని గోటి మీద పెట్టి చూసి పెదవి విరిచాడు. "మొన విరిగింది. ఇది ఇక రాయదు. తామర మార్కు వాళ్ళు పెన్నులు మానేసి చాన్నాళ్ళయింది. వేరే మార్కు పాళీయే వెయ్యాలి."

"వేరేది పట్టదుగా తాతా. నేను మూడు పెట్టి చూశా."

"నువ్వు తోశావు. ఇది చూడు" అని మస్తాను పాళీ కిందుండే నల్లటి ముక్క చూపించాడు. "దీన్ని నాలుక అంటాం. పొట్టలోంచి ఇంకు తెచ్చి పాళీకి అందించేది ఇదే. ఏ మార్కు నాలుక వంపు ఆ మార్కుదే. పాళీ సరిపోయినట్టే ఉంటుంది, కానీ మధ్యలో వెంట్రుకంత సందు ఉంటే ఇంకు అందదు. పాపం, కొత్త పాళీ ఎండిపోతుంది."

పక్క టీకొట్టు నుంచి గ్లాసుడు వేడినీళ్ళు తెప్పించాడు. విశాలి ముట్టుకోబోతే, "కాలుతుంది, దూరం" అన్నాడు. తన డబ్బాలోంచి కొత్త పాళీ ఒకటి తీసి నాలుక మీద ఆనించాడు. రెండూ కలిపి నీళ్ళలో ముంచాడు. తీశాడు. బొటనవేలితో మెల్లగా అదిమాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ అదిమాడు. మూడోసారికి నాలుక మెత్తబడి, పాళీకి అతుక్కున్నట్టు ఒదిగింది. అప్పుడు వెలుగులో పెట్టి చూపించాడు. వెంట్రుకంత సందు కూడా లేదు.

"రాయండి అమ్మగారూ. కొన్నాళ్ళు కొత్తగానే ఉంటుంది. మీ చేతికి అది, దానికి మీ చెయ్యి అలవాటు కావాలి."

తాయారమ్మ ఆ బల్ల మీదే పుస్తకం తెరిచింది. మిగిలిన సగం పుట రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు కొంచెం లావుగా వచ్చాయి. కానీ ఆగలేదు. వణకలేదు. ఒక్క మరక పడలేదు.

ఆ సగం పుటా విశాలి అలాగే నిలబడింది. నాయనమ్మ నోరు విప్పితే ఏమంటుందో! ఇంటికి రావద్దంటుందా? ఇక ముఖం చూడనంటుందా? ఒక కాలు మీద నిలబడింది. రెండో కాలు మీద నిలబడింది. రిబ్బను కొరికింది. వరుసలు ఎంతకీ తరగవు.

చివరికి పుట నిండింది. తాయారమ్మ పెన్నుకి మూత పెట్టింది. అందరూ ఆవిడ నోటి వైపే చూశారు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అంది తాయారమ్మ.

విశాలి భోరుమంది. కొట్టినా అంత ఏడ్చేది కాదు.

తాయారమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది. "పిచ్చి మొహమా, పాళీ విరిగిందని చెబితే నిన్ను రెండు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చెప్పకపోబట్టి మూడు రోజులూ నా చేతిని నేను తిట్టుకున్నాను కదే."

"ఇప్పుడు తిట్టు నాయనమ్మా" అంది విశాలి వెక్కుతూ. "ఆ రెండూ ఇప్పుడే తిట్టెయ్."

"తిడతాను, ఉండు. చెయ్యి జోరు మీదుంది, ఇంకో పుట రాసుకోనీ" అని తాయారమ్మ పెన్ను మూత తీసింది.

ఇంకేముంది, మళ్ళీ నోరు మూసుకుపోయింది! విశాలి మళ్ళీ పుట నిండేదాకా నిలబడాల్సొచ్చింది.

ఆ తర్వాత? ఆ తర్వాత పదిహేను పుటలూ నిండాయి, పెట్టె భద్రాచలం వెళ్ళింది. మరక పడ్డ పుట కూడా వెళ్ళింది, ఎర్ర వరుస పుట కూడా వెళ్ళింది. ఒక్కటీ చింపలేదు.

తిట్టిందా లేదా అంటావా? తిట్టింది. సరిగ్గా రెండే. ఏమని తిట్టిందో మనకెందుకూ, అది వాళ్ళిద్దరి గొడవ. నువ్వు కళ్ళు మూసుకో. రేపు నాకేదైనా చెప్పాల్సింది ఉంటే పొద్దున్నే చెప్పు, పాల గ్లాసు కంటే ముందు.

చిలక పాళీ చిలక్కి,
ఓడ పాళీ ఓడకి,
గుర్రం పాళీ గుర్రానికి,
కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె ఇంటికి.