రేవులో తడిక వెనక గొంతు

అనగనగా ఓ ఏటి రేవులో, తడిక చాటున కూర్చుని బాటసారులకు ఏటి సంగతి చెప్పే కొలువు నాంచారమ్మది. ఓనాడు ఏరు దాటవచ్చిన దివాను, "దారులు చెప్పడానికి ఆడగొంతు ముద్దుగానే ఉంటుంది. ప్రాణాపాయం మాటైతే ఎవరు నమ్ముతారే? రేపట్నించి మగవాణ్ణి పెడతాను," అన్నాడు.

కొలువు పోతే పొయ్యి వెలగదు. నాంచారమ్మ గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుంది.

దివాను పడవెక్కగానే, "బాబయ్యా, పడవకి చిల్లు!" అని కేకేసింది. ఆయన తలపాగా జారినా చూసుకోక మోకాటి లోతు బురదలోకి దూకేశాడు. పడవంతా తడిమినా చిల్లు కనబడలేదు.

"అబద్ధమాడతావా?"

"పడవకి చిల్లు లేదు బాబయ్యా. ఆడగొంతు మీద మీకు అపనమ్మకమూ లేదు."

దివాను నవ్వాపుకుంటూ, "రేపూ నువ్వే కూర్చో," అన్నాడు. పడవలో కాలు పెట్టబోయి మళ్లీ తడికవైపు తిరిగాడు.

"ఇప్పుడు ఎక్కమంటావా అమ్మా?"