మూడో కేక

కళ్ళు మూసుకో తల్లీ, కథకి చెవులు చాలు. అనగనగా ఒక ఊరు. ఊరంటే ఉత్త ఊరు కాదు, రాతికోట ఉన్న పట్నం. కోటకి ఒక్కటే వాకిలి. ఆ వాకిలికి ఏనుగు తోసినా కదలని తలుపులు.

ఆ తలుపులు వేసే పని అయిలయ్యది. పొద్దుగూకగానే వేసెయ్యడు. ముందు బయటికి చూసి మూడుసార్లు కేకేస్తాడు, "రావాల్సినోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?" అని. ఎంత దూరం నుంచైనా "నేనున్న" అని వినబడితే చాలు, తలుపు ఆగుతుంది. ఒకనాడు మూటల బండివాడి కోసం ఆగింది. ఇంకోనాడు నిండు చూలాలి కోసం ఆగింది. మరోనాడు మేకపిల్లని వెతుక్కుంటూ ఆలస్యమైన ముసలాయన కోసం ఆగింది. రాజు కూడా ఏమీ అనలేదు.

ఆ తర్వాత రాజులు పోయారు. ఆ తర్వాత తలుపులకి చెదలు పట్టాయి. ఆ తర్వాత గోడరాళ్ళు పెద్దమనుషుల మేడలకి పునాదులయ్యాయి. దాన్ని దొంగతనమని ఎవరూ అనలేదులే.

అయినా అయిలయ్య ఇంటివాళ్ళు కేక మానలేదు. తలుపు లేకపోతేనేం, పిలుపు ఉండాలన్నారు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కూతురు కొమురమ్మ. ఆమె ఇల్లు కోట లోపలే, వాకిలికి ఆనుకునే ఉండేది.

అప్పుడు, ఆ కోట గొప్పదని పై అధికారులకి కొత్తగా తెలిసింది. తెలియగానే, లోపలి ఇళ్ళు కోటకి అందం కాదన్నారు. కొమురమ్మ ఇల్లు కూలగొట్టి అక్కడ గడ్డి పెంచారు. చుట్టూ కంచె వేసి, వాకిలికి ఇనుప గేటు పెట్టి, ఈల ఊదే కాపలావాణ్ణి నిలబెట్టారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గేటు పెట్టిన రోజు సాయంత్రం కూడా కొమురమ్మ, ఇల్లు పోయాక తనని పంపేసిన దూరపు కాలనీ నుంచి నడిచొచ్చింది. వాకిట్లో నిలబడి రెండు కేకలు వేసిందో లేదో, ఈల మోగింది. కాపలావాడు, కోట చూడవచ్చిన జనంతోపాటు ఆమెనీ బయటికి తోలాడు.

"జర ఆగు కొడుకా, మూడో కేక మిగిలింది," అంది.

వాడు తాళం వేశాడు. వాణ్ణనీ లాభం లేదు. వాడికి ఈల ఇచ్చారు గానీ కేక నేర్పలేదు.

అప్పుడు కొమురమ్మ గేటు బయటే నిలబడి మూడో కేక వేసింది. "రావాల్సినోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?"

ఎవరూ పలకలేదు. కాసేపాగి తనే పలికింది.

"నేనున్న."

గేటు తెరుచుకోలేదు తల్లీ.

కథ కంచి చేరింది,
కోట కంచె చేరింది,
మనం మంచం చేరాం,
కొమురమ్మే ఇల్లు చేరలేదు.